వడియాల మీద వాన

నరసరావుపేటలో కోర్టు వెనక సందు తిరగ్గానే ఇంగువ పోపు వాసన ముక్కుకు తగులుతుంది. ఆ వాసన పట్టుకుని పోయేవాళ్ళకు బోర్డు చూడాల్సిన పనే లేదు. చూస్తే మాత్రం దాని మీద ‘బాలకోటయ్య మెస్’ అని ఎర్రరంగుతో రాసి ఉంటుంది. ఆ బాలకోటయ్య పుట్టి బుద్ధెరిగాక గరిటె పట్టిన పాపాన పోలేదు. వండేదీ, వడ్డించేదీ, కసిరేదీ, కొసరి కొసరి పెట్టేదీ అంతా ఆయన భార్య సుబ్బరత్నం. ఆయన గల్లాపెట్టె ముందు కూర్చుని టీవీలో పాతపాటలు వింటూ వచ్చేవాళ్ళను పలకరిస్తుంటాడు. ఏళ్ళ తరబడి లారీ తోలి నడుం పోగొట్టుకున్న మనిషి గదా, కూర్చునే ఉద్యోగమే ఎంచుకున్నాడు.

సుబ్బరత్నం సంగతి వేరు. మాచర్ల నుంచి వాయిదాకొచ్చి ఎప్పుడో పోయినేడు ఒక్కపూట తిన్న మనిషి మళ్ళీ గడపెక్కితే చాలు, “ఏం నాయనా, నీకు పప్పులో ఆవకాయ ఊట వేసుకోవడం ఇష్టం గదా?” అంటుంది. ఆ మనిషి బిత్తరపోతాడు. ప్లీడరు గుమాస్తా వెంకట్రామయ్య గారికి గోంగూర పక్కన పచ్చి ఉల్లిపాయ ఉండాలి, లేకపోతే ఆయన ముఖం మాడిపోతుంది. జిరాక్సు షాపు మోయిన్‌కు సాంబారు కంటే చారంటేనే ప్రాణం, అదీ గ్లాసులో పోసి ఇవ్వాలి. ఇవన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. అదే ఆవిణ్ణి పట్టుకుని “నీకేం ఇష్టం పిన్నమ్మా?” అని అడిగితే మాత్రం గరిటె గాల్లోకి తిప్పి, “నాదేముందిలే, ఏదైనా ఫర్వాలేదు” అనేది. ఊరికే అనడం కాదు, నిజంగానే ఆవిడకు ఏదైనా ఫర్వాలేదు. మిగిలిన కూర ఏదైతే అదే ఆవిడ కూర.

పాటల విషయమూ అంతే. ఆ ఇంట్లో పాటలంటే బాలకోటయ్య పాటలే. లారీలో ఆయన టేపులే మోగాయి, ఇంట్లో ఆయన టీవీయే మోగింది. నచ్చిన పాట రాగానే కళ్ళు మూసుకుని తల ఊపి, “పాటంటే అదీ! ఎట్టుందే?” అని వంటింట్లోకి కేకేసేవాడు. “బాగుంది” అని ఆవిడ పచ్చడి నూరుకునేది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ వాళ్ళ సంగీత కచేరీ ఇంతే.

ఇలా ఉండగా కోడలు యమున కొత్త ఫోను కొనుక్కుంది. యమున వార్డు సచివాలయంలో పనిచేస్తుంది, మాట మెత్తన, పట్టు గట్టి. తన పాతఫోను తుడిచి తెచ్చి అత్తగారి వంటింటి అలమరలో కారం డబ్బా పక్కన నిలబెట్టింది.

“అత్తయ్యా, ఇందులో రేడియో పెట్టాను. మావయ్య టీవీతో మీకు పనిలేదు. చెప్పండి, మీకెవరి పాటలు ఇష్టం?”

సుబ్బరత్నం వంకాయలు తరిగి ఉప్పునీళ్ళలో వేస్తోంది. “ఏందీ?” అంది.

“ఫోను అడుగుతోంది. ఇష్టమైనవాళ్ళను ముగ్గుర్ని ఎంచుకోమంటోంది. దాన్నిబట్టి మీకు నచ్చేవి పెట్టుద్ది. మీ ఒక్కరికోసమే ఒక రేడియో అన్నమాట. మీకొచ్చేది ఇంకెవరికీ రాదు.”

ఫోను నిండా గుండ్రటి బిళ్ళల్లో ముఖాలు. కొన్ని తెలిసినవి, ఎక్కువ తెలియనివి. సుబ్బరత్నం తడిచేతులు కొంగుకు తుడుచుకుని వాటివంక చూసింది. చూస్తుంటే ఆవిడకు కాస్త భయమేసింది. ఇంత వయసొచ్చింది, పాటల్లో నీకేవి ఇష్టమని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు అడిగినా జవాబు చెప్పేందుకు లోపల ఏమీ తట్టలేదు.

“మీ మావయ్యనడుగు” అంది చివరికి.

“ఇది మావయ్య రేడియో కాదత్తయ్యా, మీది.”

“అబ్బ, ఏదో ఒకటి కొట్టు తల్లీ! ఏదైనా ఫర్వాలేదు నాకు.”

యమున నవ్వి, చేతికందిన మూడు బిళ్ళలు నొక్కింది. పేరూ నంబరూ ఇమ్మని అడిగితే తర్వాత చూద్దాంలే అని దాటేసింది. ఆ దాటేసిన సంగతి గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది.

రేడియో మోగడం మొదలైంది. నచ్చని పాటను వేలితో పక్కకు నెడితే పోతుందని యమున చూపించింది గానీ సుబ్బరత్నం ఆ పని చెయ్యలేదు. పాడుతున్న మనిషిని మధ్యలో ఆపెయ్యడం ఏం మర్యాద? విస్తట్లో వడ్డించింది వదిలి లేచిపోవడంతో సమానం కాదూ? ఆవిడ మెస్సులో అట్లా లేచినవాణ్ణి సందు చివరిదాకా తిట్టి పంపేది. అందుకని ఏది వస్తే అది మొదట్నుంచి చివరిదాకా విన్నది. ఒకనాడు దబదబా డప్పులూ కేకలూ కలిసిన డీజే పాట ఒకటి వచ్చింది. చెవులు గింగురుమన్నాయి. అయినా పంటి బిగువున పూర్తిగా విన్నది. మర్నాడు అలాంటివి రెండొచ్చాయి. అవీ విన్నది. వారం తిరిగేసరికి వంటింట్లో డీజే తప్ప ఇంకోటి లేదు. ఇడ్లీపాత్ర మూతలు వాటంతటవే ఎగిరాయంటే నమ్మండి.

వెంకట్రామయ్య గారు పెరుగన్నం ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయారు. “అమ్మా, లోపల ఊరేగింపేమన్నా పోతోందా?”

హాలంతా గొల్లుమంది. సుబ్బరత్నానికి తల కొట్టేసినట్టయింది. చారు గ్లాసు తీసుకుంటూ మోయిన్ మెల్లిగా అడిగాడు. “పిన్నమ్మా, నీకు ఆ డీజే పాటలంటే అంత ఇష్టమా?”

“నా బొంద ఇష్టం! తలకాయ పగిలిపోతంది.”

“మరి పూర్తిగా ఎందుకు వింటన్నావ్? నువ్వు చివరిదాకా వింటే, ‘ఓహో, ఈవిడకు ఇది చానా నచ్చింది’ అనుకుని ఇంకో గరిటె వేసుద్ది అది. నచ్చకపోతే మొహమాటపడమాక, దాటించెయ్.”

సుబ్బరత్నం చారు గిన్నె కింద పెట్టేసింది. తర్వాత మొదలైంది నవ్వు. నవ్వి నవ్వి గోడకానుకుంది. ఎందుకు నవ్వదు మరి? కాకరకాయ కూర గిట్టనివాడు ముందు దాన్నే గబగబా మింగేసి పీడ వదిలించుకుందామనుకుంటాడు. వడ్డించేవాళ్ళు ఖాళీ అయిన చోటు చూసి, “అయ్యో, కాకరకాయ ఇష్టం గావాల!” అని ఇంకో గరిటె వేస్తారు. అలా ఎంతమంది నెత్తిన కాకరకాయ కూర పోసిందో ఆవిడకే లెక్క తెలియదు. ఇన్నాళ్ళకు ఆ గరిటె తన విస్తట్లో పడింది!

ఆ రోజు నుంచి దాటించడం మొదలుపెట్టింది. అదీ ఊరికే కాదు. చాలన్నప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం చూడండి, అలా ఫోను మీద అరచెయ్యి పట్టి, “చాలమ్మా, చాలు తల్లీ, ఇంకోరికి వడ్డించుకో” అని చెప్పి మరీ పక్కకు నెట్టేది. డీజే పాటలు సర్దుకున్నాయి. ఇక ఈవిడకేం పెట్టాలో తెలియక ఆ రేడియో పడిన అవస్థ చూడాలి! హిందీవి తెచ్చింది, అరవ పాటలు తెచ్చింది, ఏడుపు పాటలు తెచ్చింది. ఎవరో తెల్లావిడ వచ్చి గాజుగ్లాసులు పగిలేట్టు గొంతెత్తింది. సుబ్బరత్నం ఆవిడక్కూడా దణ్ణం పెట్టి సాగనంపింది.

అట్లా ఎండాకాలం వచ్చేసింది. పల్నాటి ఎండ గురించి చెప్పాలా? డాబా మీద పరిచిన నాపరాళ్ళు పెనంలా కాలుతుంటే, సుబ్బరత్నం పాత చీర పరిచి ఆ చీర నిండా వడియాలు పెట్టింది. ఏడాది పొడుగునా మెస్సుకు సరిపోయే వడియాలు. రెండు ఎండలకు అవి గట్టిపడ్డాక, ఒక మధ్యాహ్నం కింద వంటింట్లో పులుసుకు పోపు పెడుతోంది. ఆవాలు చిటపటమన్నాయి. ఆ చిటపటలోంచే ఇంకో చప్పుడు వినపడింది. టప్. టప్ టప్. పెరట్లో తోమి బోర్లించిన స్టీలు గిన్నెల మీద చినుకులు పడుతున్నాయి.

“ఓరి నాయనో, వడియాలు!”

గరిటె పారేసి పరుగెత్తింది. చెప్పుల్లేవు, కొంగు జారిపోతోంది, మెట్ల మీద మోకాలు కొట్టుకుంది. పైకి వెళ్ళి చీర నాలుగు మూలలూ పట్టి మూటకట్టేదాకా తలెత్తి చూడలేదు. చూస్తే ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మబ్బుతునక లేదు. పాదాలు చుర్రుమంటుంటే గంతులేసుకుంటూ కిందికి దిగింది. వంటింట్లో వాన ఇంకా కురుస్తూనే ఉంది, కారం డబ్బా పక్కన ఉన్న ఫోనులోంచి.

మూట చంకనెట్టుకుని అలాగే నిలబడిపోయింది. గొంతు లేదు, మాట లేదు. ఉత్త చినుకులు. ముందు ఒకటీ ఒకటీ పడ్డాయి. తర్వాత జతలు జతలుగా, ఆ తర్వాత గిన్నెలన్నీ ఒక్కసారే మోగినట్టు. ఇంకా ఉధృతమవుతుందనుకునేలోగా తగ్గి, మళ్ళీ ఒకే ఒక్క చినుకు, దాని వెనకాల చానాసేపు మోగే సన్నటి రవళి. సుబ్బరత్నానికి ఒళ్ళు ఝల్లుమంది. సంతోషమేసింది. ఎందుకేసిందని అడిగితే ఆవిడ చెప్పలేదు. ఊరి నుంచి చుట్టాలెవరూ రాలేదు, చీటీ పాట తగల్లేదు, అయినా గుండె నిండిపోయింది. అవతల పోపు మాడి బొగ్గయింది. ఆ మెస్సు పుట్టాక పోపు మాడడం అదే మొదలు.

బాలకోటయ్యకు ఇంతకన్నా ఏం కావాలి? గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చినవాడికల్లా చెప్పాడు. “ఇన్నావా బావా, మా ఇంటిది నడినెత్తిన ఎండలో వడియాలు ఎత్తుకొచ్చింది. దాని ఫోనులో వాన కురిసిందంట! డ్యాముకి నీళ్ళు రావట్లేదంటన్నారుగా, సాగర్‌కి ఈ ఫోను పంపిస్తే సరిపోద్ది.”

సుబ్బరత్నానికి కోపం రాలేదు. రేడియో కూడా గడుసుదే. ఈసారి ఆవిడ ఎక్కడ ఆగిందో పసిగట్టింది. ఆ వానను రోజూ ఏదో ఒకవేళకు తెచ్చేది. వాన చుట్టాలను కూడా తెచ్చింది, మాటల్లేకుండా తీగలతో, పిల్లనగ్రోవులతో పలికేవి. గొంతు లేకపోతే ఆవిడకు హాయిగా ఉందని రేడియోకు తెలిసింది. ఆవిడకు తెలిసింది కూడా అప్పుడే. ఇంకొకరి కష్టం, ఇంకొకరి ప్రేమ వినక్కర్లేకుండా తన ఆలోచనలు తను చేసుకోవచ్చు. నచ్చినప్పుడు హృదయం బొమ్మ నొక్కమని యమున చెప్పింది గానీ, అది మరీ ఎగబడి అడిగినట్టుంటుందని సుబ్బరత్నం నొక్కలేదు. పేర్లు చదవలేదు, అవి ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. రోజూ దానంతటదే వచ్చేదానికి పేరుతో పనేముంది? “నా రేడియో పెట్టండే” అనేది పొద్దున్నే, దోసెల పిండి కలుపుతూ. “నా” అనే మాట ఆవిడ నోట కొత్తగా వినపడింది.

దాని వెంబడే ఇంకొన్ని కొత్తలొచ్చాయి. ఒకరోజు వంట మొదలుపెట్టబోతూ, “ఇయ్యాల నాకు దోసకాయ పప్పు తినాలనుంది” అని ప్రకటించింది. బాలకోటయ్య టీవీ గొంతు తగ్గించి మరీ చూశాడు. ఇంకోరోజు కొడుకు గోపీనాథ్ తెచ్చిన చీర రంగు బాగాలేదంది. ఆకుపచ్చది తెమ్మంది.

“ఏందే, ఈమధ్య నీకు ఇష్టాలు ఎక్కువయినయ్?” అన్నాడు బాలకోటయ్య.

“ఉండకూడదా?”

“ఉండొచ్చులే, ఎవరొద్దన్నారు” అని ఆయన మళ్ళీ టీవీ గొంతు పెంచుకున్నాడు.

మాఘమాసం వెళ్ళబోతూ శివరాత్రి వచ్చింది. కోటప్పకొండ తిరనాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళు బండ్ల మీద తాటిచెట్లను మించిన ఎత్తున వెదురు ప్రభలు కట్టి, దీపాలతో అలంకరించి, పోటీలు పడి తోలుకొస్తాయి. తన ఊరి ప్రభ కొండ కిందికి చేరేటప్పుడు బాలకోటయ్య ఉండి తీరాలి. వీడియో తియ్యాలని సరదా పుట్టి, తన ఫోనులో కెమెరా సరిగా లేదని భార్య ఫోను జేబులో వేసుకుని పోయాడు. సాయంత్రం దీపాలు వెలిగాయి, ప్రభ కదిలింది, జనం ఒక్కసారిగా కేక పెట్టారు. ఈయన ఫోను ఎత్తాడు. చోటు లేదంది ఫోను. ఏదన్నా తీసేస్తేగానీ వీడియో ఎక్కదంది.

బాలకోటయ్య గబగబా చూశాడు. కోడలు పెట్టిన లెక్కలేవో ఉన్నాయి, అవి ముట్టుకుంటే గొడవ. మనవరాలి ఫొటోలు ఉన్నాయి, అమ్మో. వాన రేడియో ఉంది. “ఇదెందుకూ, రేపు మళ్ళీ ఎక్కించుకోవచ్చు” అని వేలు గట్టిగా నొక్కి తీసిపారేశాడు. తీసిన వీడియోలో ఊరి ప్రభ మీద దీపాలు రెండు సెకన్లు కనపడ్డాయి. మిగతాదంతా ముందు నిలబడ్డవాడి బట్టతలే.

మర్నాడు పొద్దున్న సుబ్బరత్నం ఫోను తీసింది. రోజూ నొక్కే చోట బిళ్ళ లేదు. యమున వచ్చి మళ్ళీ ఎక్కించింది. ఎక్కించగానే తెర నిండా గుండ్రటి బిళ్ళలు, అవే ముఖాలు. ‘మీకు ఇష్టమైనవారిని ముగ్గురిని ఎంచుకోండి.’

“ఇదేందే? మళ్ళీ మొదట్నుంచి అడుగుద్దేంది?”

యమున పెదవి కొరుక్కుంది. “అప్పుడు మన పేరూ నంబరూ ఇవ్వకుండా దాటేశాను అత్తయ్యా. తీసేసేసరికి అంతా పోయింది. ఇప్పుడు దానికి మీరెవరో తెలీదు.”

“ఏడాది బట్టి వింటన్నా గదే! నేనెవరో తెలీదా?”

“పోనీ ఆ వాన పేరేంటో చెప్పండి, వెతుకుదాం.”

ఇష్టమేదో ఇప్పుడు సుబ్బరత్నానికి తెలుసు. దాని పేరే తెలియదు. ఫోను మళ్ళీ కారం డబ్బా పక్కన పెట్టి పొయ్యి వెలిగించింది.

తిడుతుందని బాలకోటయ్య మెడ వంచుకుని కూర్చున్నాడు. తిట్టలేదు. అదే ఆయన్ను భయపెట్టింది. ఆ పూట మెస్సులో అరుపు లేదు, కసురు లేదు. విస్తళ్ళలో అన్నీ పడ్డాయి గానీ, ‘ఇంకొంచెం వేసుకో నాయనా’ అని ఎవర్నీ మారు అడగలేదు. వెంకట్రామయ్య గారు ఉల్లిపాయ ముక్కకోసం చూసి చూసి, అడగడానికి ధైర్యం చాలక, ఉత్త గోంగూరతోనే తినేశారు. మెస్సంతా సర్దుకున్నాక బాలకోటయ్య మంచి చేసుకుందామని గొంతు సవరించుకుని, “ఏమే, రేపు మనకేం వండుకుందాం? దోసకాయ పప్పు చేసుకుంటావా?” అన్నాడు.

“ఏదైనా ఫర్వాలేదు” అంది సుబ్బరత్నం.

ఆ మాట ఆయన పెళ్ళయిన కొత్తల్నుంచీ వింటున్నాడు. ఎన్నడూ చెవికెక్కలేదు. ఇప్పుడు మాత్రం గుండెల్లో కలుక్కుమంది. ‘ఏదో పప్పు మీదికి మనసు పోయిన మనిషిని నేనే మళ్ళీ వెనక్కి తోసేశాను’ అనుకున్నాడు. సిగ్గేసింది ఆయనకు. టీవీ కట్టేసి మోయిన్ షాపుకు నడిచాడు.

“ఒరేయ్ మోయిన్, మీ పిన్నమ్మ రేడియో ఎట్టా తేవాలిరా?”

“దానికి మళ్ళీ నేర్పాల బాబాయ్. పిన్నమ్మకు నచ్చనిది దాటించాల, నచ్చింది పూర్తిగా పాడనియ్యాల. కొంచెం కాలం పట్టుద్ది.”

“పనిలో ఉంటే మీ పిన్నమ్మకు చేతులు ఖాళీ ఉండవు గదరా.”

“నువ్వు దాటించు.”

“దానికేం నచ్చుద్దో నాకేం తెలుసు?”

మోయిన్ జిరాక్సు మిషను ఆపేసి ఆయనవంక చూశాడు. “నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుసుద్ది బాబాయ్?”

మర్నాడు గల్లాపెట్టె గోపీనాథ్‌కు అప్పగించి, బాలకోటయ్య స్టూలు ఎత్తుకుని వంటింట్లో దిగాడు. అడ్డమొస్తున్నావంది సుబ్బరత్నం. వెల్లుల్లి వొలుస్తానన్నాడు. ఆయన వెల్లుల్లి వొలవడం ఎంత చూడముచ్చటగా ఉందంటే, పొట్టుతో పాటు సగం పాయ కూడా పోయేది. కళ్ళు మాత్రం పెళ్ళాం మీద ఉండేవి. పాట మారినప్పుడల్లా గమనించేవాడు. నచ్చకపోతే మూతలు గట్టిగా మోగుతాయి. ఫర్వాలేదనిపిస్తే పనిపిల్ల మీద కేకలు మామూలుగా నడుస్తాయి. ఏదైనా మనసుకు పడితే మాత్రం కేకలు ఆగిపోతాయి, గరిటె బాణలి అంచుకు ఆనుకుంటుంది, ఎడమ పాదం వేలు నేల మీద మెల్లిగా కదులుతుంది. ఇంతకాలం కాపురం చేసి ఆ పాదం వేలు కదలడం ఆయన ఇప్పుడే చూశాడు. భలే ముద్దొచ్చింది కూడా.

ఒకరోజు ఆయన ప్రాణంలాంటి పాట వచ్చింది. లారీలో నాగపూరు దాకా తోడొచ్చిన పాట అది. బాలకోటయ్య కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి, తల ఊగింది. దబ్బున సాంబారు గిన్నె మీద మూత పడింది. ఒక కన్ను తెరిచాడు. నిట్టూర్చి, ఫోను మీద అరచెయ్యి అడ్డం పట్టి, “చాలు నాయనా, నీకో దణ్ణం, ఇంకోరికి వడ్డించుకో” అని పక్కకు నెట్టేశాడు.

సుబ్బరత్నం వెనక్కి తిరిగింది. “అది నీ పాట గదా మావా?”

“ఇది నా రేడియో కాదుగా.”

ఆవిడ మూతి పక్కకు తిప్పుకుంది, నవ్వు కనపడకుండా.

వారాలు గడిచాయి. వీణలొచ్చాయి, పిల్లనగ్రోవులొచ్చాయి. గరిటె అప్పుడప్పుడూ ఆగుతోంది. వాన మాత్రం రాలేదు. “పోనీలే మావా, ఒదిలెయ్. నాకు ఈ వీణలు చాలు” అంది సుబ్బరత్నం. “నోర్మూసుకో, నాకు చాల్లేదు” అన్నాడు బాలకోటయ్య. అప్పటికి వెల్లుల్లి వొలవడంలో ఆయనకు చెయ్యి కాస్త తిరిగింది.

మళ్ళీ ఎండలు ముదిరాయి. డాబా మీద మళ్ళీ పాతచీర, చీర నిండా తెల్లగా వడియాలు. ఆ రోజు కోర్టులో వాయిదాలు చాలా ఉన్నాయేమో, గురజాల వైపు జనం మెస్సు నిండా కూర్చున్నారు. సుబ్బరత్నం సాంబారు బకెట్టుతో హాల్లో తిరుగుతోంది. వంటింట్లో వెల్లుల్లి గంప ముందు బాలకోటయ్యకు కునుకు పట్టింది.

టప్. టప్ టప్.

ఉలిక్కిపడి లేచాడు. గిన్నెల మీద చినుకులు! “ఏమే! వాన! వడియాలే, వడియాలు తడుస్తన్నయ్!”

నడుం నొప్పి ఏమైందో గానీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశాడు. చెప్పుల్లేవు. నాపరాళ్ళు చుర్రుమన్నాయి. ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి దూకుతూ చీర చుట్టబెట్టి, మూట భుజానికెత్తి, అందరికీ మేలు చేద్దామని సందులోకి కేక కూడా పెట్టాడు. “వానొచ్చేసింది! ఎవరి వడియాలు వాళ్ళు తీసుకోండే!”

పక్క డాబా మీద మిరపకాయలు తిరగేస్తున్న హమీదా పైకి చూసింది. తర్వాత ఈయన్ను చూసింది. “ఏంది అన్నయ్యా, ఎండదెబ్బ గానీ తగిలిందా?”

బాలకోటయ్య తలెత్తాడు. మబ్బుతునక లేదు. ఒక్క క్షణం అలాగే ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాడు, కాళ్ళు కాలుతున్న సంగతి మరిచిపోయి. ఆ తర్వాత ఆయన వేసిన కేకకు కోర్టు గోడ మీది పావురాలు లేచిపోయాయి.

“దొరికిందే! దొరికింది!”

కిందికొచ్చేసరికి సుబ్బరత్నం బకెట్టు చేత్తోనే పట్టుకుని అలమర ముందు నిలబడి ఉంది. ఫోనులో చినుకులు జతలుగా పడుతున్నాయి. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. భుజాన మూటతో, ఒళ్ళంతా చెమటతో, కొంగలా ఒంటికాలి మీద నిలబడిన మొగుణ్ణి చూసింది. అంతే, పగలబడి నవ్వడం మొదలుపెట్టింది. బకెట్టు కింద పెట్టాల్సి వచ్చింది. ఆయనా నవ్వాడు. వడియాల మూట భుజమ్మీద ఎగిరెగిరిపడేట్టు నవ్వాడు. తింటున్నవాళ్ళు ఎంగిలి చేతులతోనే వంటింటి గుమ్మంలో మూగారు.

“ఇదేనా?” అన్నాడు బాలకోటయ్య రొప్పుతూ.

“ఇదే మావా. ఇదే నాది.”

జనాన్ని తోసుకుని మోయిన్ ముందుకొచ్చి, ఎడంచేత్తో ఫోను ఎత్తి చదివాడు. “సంతూర్ అంట పిన్నమ్మా దీని పేరు. తీగల మీద చిన్న పుల్లలతో కొడతారంట.” సంతూర్, సంతూర్ అని సుబ్బరత్నం రెండుసార్లు అనుకుంది, మనవరాలికి పేరు పెట్టినరోజు అనుకున్నట్టు. ఈసారి పేరూ నంబరూ ఇచ్చేశానని, ఇక ఎవరు తీసేసినా రేడియో పోదని, అన్నానికి ఇంటికొచ్చిన యమున అత్తగారి చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పింది.

వాన సన్నబడింది. చివరి చినుకు పడి, దాని రవళి కూడా ఆగిపోయింది. హాల్లోంచి వెంకట్రామయ్య గారి గొంతు వినపడింది. “అమ్మా, సాంబారు!”

“ఆగండయ్యా, వస్తన్నా! ఎక్కడికీ పోదు సాంబారు” అని కేకేసింది సుబ్బరత్నం.

బాలకోటయ్య మూట దించి, ఫోను రెండు చేతుల్తో పట్టుకుని, అచ్చం ఆవిడ విస్తరి ముందు వంగే తీరులో వంగాడు. “ఇంకొంచెం వడ్డించమంటావా?”

సుబ్బరత్నం చెయ్యి అడ్డం పెట్టలేదు. సాంబారు అంటిన వేలితో హృదయం బొమ్మ మీద గట్టిగా ఒక నొక్కు నొక్కింది.

“ఆ, వెయ్యి మావా. నిండా వెయ్యి.”